సాలూరు దొరల ఊరు బ్రెక్‌లుమ్

జర్మనీలో ఏం చూశావంటే బెర్లిన్ అనో మ్యూనిక్ అనో చెప్పాలి కదా. నేను బ్రెక్‌లుమ్ అంటే ఆబిడ్స్‌లో మా వాళ్ళెవరికీ అర్థం కాలేదు, చిరాగ్ అలీ లేన్‌లో ఉండే పిన్నిగారికి తప్ప. ఆవిడ పుట్టిల్లు సాలూరు. మా అమ్మాయి హాంబర్గ్‌లో ఉందని తెలిసిన దగ్గర్నుంచీ "మా ఊరి మిషన్ దొరలది అటువైపేనట. వీలైతే చూసిరా అమ్మాయ్" అంటూనే ఉన్నారు.

హాంబర్గ్ నుంచి డెన్మార్క్ సరిహద్దు వైపు వెళ్ళే రైలెక్కి బ్రెడ్‌ష్టెట్‌లో దిగితే బ్రెక్‌లుమ్ పక్క ఊరే. రెండు వేల పైచిలుకు జనాభా. ఒక పాత చర్చి, ఎర్ర ఇటుక ఇళ్ళు, ఇక గాలి. ఊరు కాస్త మెరక మీద ఉంటుంది. అక్కడి నుంచి పడమరకు చూస్తే బల్లపరుపు నేల, గొర్రెలు, దూరంగా గడ్డి పెరిగిన పెద్ద గట్టు. ఆ గట్టు అవతల ఉత్తర సముద్రం. గట్టుకు ఇవతల ఉన్న పల్లపు భూమి చాలామటుకు ఒకప్పుడు సముద్రమే. తరతరాలుగా గట్లు కట్టుకుంటూ గెలుచుకున్న నేల అది. ఊరికి దగ్గర్లో ఉన్న జోన్కె నిస్సెన్ కోగ్ కూడా అలా 1924-26లో కట్టుకున్నదే. అక్కడి ఆకుపచ్చ కప్పుల ఇళ్ళకు ఆఫ్రికాలోని నమీబియా ఊళ్ళ పేర్లు పెట్టుకున్నారు. ఆ భూమికి తన పేరిచ్చిన నిస్సెన్ అక్కడ రైలు మార్గాలు వేసి, వజ్రాల్లో డబ్బు చేసుకున్నాడు మరి.

సముద్రం ఊరికే ఇవ్వలేదు. 1634 అక్టోబరులో ఒక్క రాత్రి వచ్చిన ఉప్పెనకు ఈ తీరంలో వేలమంది పోయారు, ష్ట్రాండ్ అనే పెద్ద ద్వీపం ముక్కలైపోయింది. 1977 నవంబరు 19 అంటే మన దివిసీమ వాళ్ళకి ఎలా ఉంటుందో, వీళ్ళకి ఆ ఏడు అలాంటిది.

ఇలాంటి పల్లపు ఊళ్ళోనే 1839లో క్రిస్టియాన్ యెన్సెన్ పుట్టారు. 1873లో బ్రెక్‌లుమ్‌కు పాస్టరుగా వచ్చి ఆదివారం పత్రిక నడిపారు, అచ్చాఫీసు పెట్టారు, 1876లో మిషన్ సంఘం స్థాపించారు. ఇంత చిన్న ఊరు ప్రపంచం అవతలికి మనుషుల్ని పంపడం ఏమిటని మనకు అనిపిస్తుంది కానీ, ఆ సంఘం నిలబడింది రైతుల చందాల మీదే. అక్కడ తయారైన ఎర్న్‌స్ట్ పోల్, హెర్మన్ బోట్‌మన్ మన దేశం వచ్చి, ముందు బస్తర్ వెళ్ళారు. అక్కడ ఉండనివ్వలేదు. 1882లో జయపురం జమీందారీలోని కోరాపుట్ చేరారు. మన్యం జ్వరాలు వాళ్ళనీ వదల్లేదు. తర్వాత పోల్ కొండ దిగి సాలూరులో మకాం పెట్టారు. కోరాపుట్ ఘాట్ రోడ్డు మొదలయ్యేది అక్కడే కాబట్టి ఎవరికైనా అదే వీలు. పైన కొండల్లో ఒడియా, కింద సాలూరు, పార్వతీపురంలో తెలుగు.

వాళ్ళు వచ్చింది మతం చెప్పడానికే, అందులో దాపరికం లేదు. దాని గురించి ఎవరి అభిప్రాయం వాళ్ళది. నా మనసు మాత్రం ఆ ఇళ్ళలోని ఆడవాళ్ళ దగ్గర ఆగిపోయింది. ఆ రోజుల్లో జర్మన్ మిషనరీ కుటుంబాల్లో పిల్లలకు బడి వయసు రాగానే స్వదేశం పంపేసేవారు. ఆరేడేళ్ళ పిల్లని ఓడ ఎక్కించి, మళ్ళీ చూసేది ఎన్నో ఏళ్ళకి. ఉత్తరం రావాలంటే వారాలు. మా అమ్మాయి రెండు రోజులు వీడియో కాల్ చెయ్యకపోతే నాకు అన్నం సయించదు. ఆ తల్లులు సాలూరు ఎండలో కూర్చుని, పిల్ల ఎంత పొడుగైందో ఊహించుకుంటూ ఎలా ఉన్నారో! చరిత్ర పుస్తకాల్లో పోల్, బోట్‌మన్ అని మగవాళ్ళ పేర్లే పెద్దగా ఉంటాయి, ఈ లెక్క ఎవరూ రాయలేదు.

1914లో యుద్ధం వచ్చింది. జర్మన్లంటే ఇంగ్లీషు ప్రభుత్వానికి శత్రువులైపోయారు. దేశంలో ఉన్న జర్మన్ మిషనరీల్లో సైన్యానికి పనికొచ్చే వయసు మగవాళ్ళను అహ్మద్‌నగర్ శిబిరంలో పెట్టారు. ఆడవాళ్ళను, పిల్లలను, పెద్దవాళ్ళను ఓడల్లో తిప్పి పంపారు. 1915 నవంబరులో ఒకసారి, 1916లో మరోసారి వాళ్ళను తీసుకెళ్ళిన ఓడ పేరేమిటో తెలుసా? గోల్కొండ! మనం పిల్లల్ని ఆదివారం కోటకి తీసుకెళ్తాం చూడండి, ఆ పేరే. భర్త ముళ్ళ కంచె వెనకాల, తను పిల్లల్ని వెంటబెట్టుకుని, జలాంతర్గాములు తిరిగే సముద్రాల మీద, ఇంగ్లండ్, హాలండ్ మీదుగా ఇంటికి. ఎప్పుడు కలుస్తారో ఎవరికీ తెలియదు. ఆ గోల్కొండ కూడా 1916 జూన్‌లో ఇంగ్లండ్ తీరంలో మునిగిపోయింది.

ఇక్కడ మిగిలిన పనిని మన కోస్తాలో ఉన్న అమెరికన్ లూథరన్లు చూసుకున్నారు. జర్మన్లను మళ్ళీ రానిచ్చింది 1920ల మధ్యలోనే. 1928లో ఆ సంఘాలన్నీ కలిసి జయపురం ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా ఏర్పడ్డాయి. 1939లో రెండో యుద్ధం రాగానే మళ్ళీ శిబిరాలు, మళ్ళీ అదే ఎడబాటు.

బ్రెక్‌లుమ్‌లో ఇప్పుడు క్రిస్టియాన్ యెన్సెన్ కాలేజీ అని సమావేశాలకీ బసకీ ఒక చోటు ఉంది. పేరుకే కాలేజీ. తోట, పెద్ద చెట్లు, నిశ్శబ్దం. కాఫీ మాత్రం మన ఫిల్టర్ ముందు దిగదుడుపే.

సాలూరులో వాళ్ళు మొదలుపెట్టిన కుష్ఠు ఆస్పత్రి ఇంకా నడుస్తోంది. దాన్ని ఇప్పుడు లెప్రసీ మిషన్ చూస్తోంది. పేరు ఫిలడెల్ఫియా ఆస్పత్రి. అమెరికా ఊరి పేరనుకుంటారు చాలామంది. గ్రీకులో ఆ మాటకి తోబుట్టువుల ప్రేమ అని అర్థం. వెళ్ళాలనుకునే వాళ్ళు మన నాంపల్లిలో గోదావరి ఎక్కి విశాఖలో దిగి, అక్కడి నుంచి విజయనగరం మీదుగా వెళ్ళాలి. దారి పొడుగునా లారీలు ఎదురవుతాయి, అవి సగం సాలూరువే.