చామంతి ప్రస్థానము

2014లో రాష్ట్ర పండుగయైన బతుకమ్మను పేర్చునపుడు తంగేడు, గునుగులతో పాటు బంతియు, చామంతియు పళ్ళెమున చేరును. ఈ కడపటి రెండును ఒకే కుటుంబమునకు చెందినవి. వానిలో ఒక్క పువ్వుగా తోచునది నిజమునకు అనేకములైన చిరుపూవుల గుంపు. బంతి ఒక్క కాపుతో ముగియును. చామంతి మాత్రము పూచి ఎండినను వేరున ప్రాణము నిలుపుకొని, మరల పిలకలు వేయును.

బంతికి పుట్టిల్లు మెక్సికో ప్రాంతము, చామంతికి చైనా. అచ్చటి కవి టావో యువాన్‌మింగ్ (365–427) చామంతిపై మక్కువకు ప్రసిద్ధుడు. జపాను చక్రవర్తుల రాజచిహ్నము ఈ పుష్పమే. 1789లో బ్లాంకార్డ్ అను ఫ్రెంచి వర్తకుడు చైనానుండి మూడు రకములను మార్సేల్సు రేవునకు తేగా, ఊదారంగుది ఒక్కటియే బ్రదికినది.

ఇట్లు మొక్కనే మోసికొనిపోవుటకు కారణము కలదు. చామంతి విత్తనమున తల్లి గుణము నిలువదు. పిలకనో, కొమ్మనో నాటినగాని ఆ రకము దక్కదు.

1920లో గార్నర్, అలార్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు, పెక్కు మొక్కల పూతకు పగటి నిడివి కారణమని వెల్లడించిరి. చామంతియు పగలు తగ్గి రాత్రి పెరిగిననే మొగ్గ తొడుగును. ముందు పూయు రకములు బతుకమ్మకు అందును. తక్కినవి కార్తిక మార్గశిరములలో విరియును. పూత వెనుకకు జరుపుటకు రాత్రులందు దీపములు వెలిగించు తోటలును కలవు.

బిజినేపల్లి ప్రాంతపు ఎర్ర చెలక నేలలు దీనికి అనువైనవే. నీరు నిలిచిన వేరు కుళ్ళును. పూత ముగియగానే మొక్కను జానెడెత్తున కోసి, ఎండకాలమున కొంత నీడను, తడిని ఇచ్చి కాపాడవలెను. తొలకరిలో పిలకలు విడదీసి నాటి, నెలకు తల త్రుంచినచో పక్కకొమ్మలు హెచ్చును. చల్లని వేళ కాడతో కోసి, అడుగు ఆకులు తీసి, దినదినము నీరు మార్చినచో పూవు పలుదినములు వాడదు.

నేడు సంతలో కిలోల లెక్కన పూలు దొరకుచుండగా పెరటి మడిని విడిచినవారు కలరు. కొన్న పూవు పండుగతో తీరును. మడి పోయిన రకమే పోవును. గ్రంథము చేతులు మారినకొలది జీవించును. చామంతి పిలకయు అట్టిదే. ఉన్నవారు తొలకరిలో పొరుగింటికి ఒక్క పిలక ఇచ్చినచో, ఒక పెరటిలో ఎండినది వేరొక పెరటిలో దొరకును.