పెద్దమనుషుల కాగితం విడాకులు కాదు

మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో దంపతుల తగాదా పెద్దమనుషుల ముందుకొస్తే, విడిపోయినట్టు కాగితం రాయించి పంపడం ఉంది. ప్రియులారా, దానితో క్రైస్తవ వివాహం రద్దు కాదు. చర్చి కోర్టు తీర్పుకూ ఆ బలం లేదని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం నమ్మి మళ్లీ పెళ్లాడితే అది చెల్లదు, పైగా నేరం.

మనకు వర్తించేది 1869 నాటి విడాకుల చట్టం. అప్పట్లో భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటే చాలు. భార్య సాధారణంగా దానితోపాటు క్రూరత్వమో, పరిత్యాగమో నిరూపించాలి. 2001 సవరణ ఆ తేడా తీసేసింది. నేడు ఇద్దరికీ వ్యభిచారం, క్రూరత్వం, రెండేళ్ల పరిత్యాగం, మతం మారడం, ఏడేళ్లుగా ఆచూకీ లేకపోవడం మొదలైనవి కారణాలే. పరస్పర అంగీకారానికి 10ఏ సెక్షన్ ఉంది. చట్టంలో రెండేళ్లు విడిగా ఉండాలని రాసి ఉంది.

వకీలు ఫీజుకు భయపడవద్దు. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, గిరిజనులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

కాపరులారా, రాజీకి ప్రార్థించండి, ప్రయత్నించండి. కానీ దెబ్బలు తింటున్న సహోదరిని ఉత్త కాగితంతో పంపకండి. కోర్టు దాకా తోడు వెళ్లండి.