మావోయిస్టులపై పెట్టాల్సిన నిఘా లీడర్లపైనా? ఫోన్ ట్యాపింగ్ రూల్స్ ఇవీ..

నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమల ఒకప్పుడు మావోయిస్టుల అడ్డా. వాళ్ల కదలికలు పసిగట్టడమే స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో (ఎస్‌ఐబీ) డ్యూటీ. కానీ 2023 ఎన్నికల ముందు అదే ఎస్‌ఐబీ ప్రతిపక్ష నేతల ఫోన్లు విన్నదన్నది ఆరోపణ. ఫలితాల మర్నాడు, డిసెంబర్ 4న హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని 2024 మార్చి 10న పంజాగుట్టలో కేసు నమోదైంది.

రూల్ ఏంటంటే.. దేశ భద్రత, శాంతిభద్రతల్లాంటి కారణం ఉండాలి. మామూలుగా హోం సెక్రటరీ పర్మిషన్ ఇవ్వాలి, సీఎస్ కమిటీ రివ్యూ చేయాలి. ఈ షరతులకు మూలం 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పు. గద్వాలలో సామాన్యుడికైనా, హైదరాబాద్‌లో లీడర్‌కైనా ఇదే రూల్.

నేతల నంబర్లను మావోయిస్టు లిస్టులో కలిపి పర్మిషన్ తెచ్చుకున్నారా అన్నదే అసలు ప్రశ్న. బీఆర్‌ఎస్ మాత్రం ఇది కాంగ్రెస్ సర్కార్ కక్ష సాధింపే అంటోంది. తేల్చాల్సింది మాత్రం కోర్టే. అక్కడ స్పీచ్‌లు చెల్లవు, పర్మిషన్ కాగితంలో రాసిన కారణమే కీలకం.