కుకీ పుట్టుపూర్వోత్తరములు

దేవాలయ ద్వారమున చెప్పులు విడిచి లోనికేగు భక్తునకు అచటి కాపరి ఒక చిన్న రేకుబిళ్ల నిచ్చును. ఆ బిళ్లమీది సంఖ్యకు భక్తుని దృష్టిలో ఏ అర్థమును లేదు. అది ఏ జతకు చెందినదో ఇచ్చినవానికే తెలియును. భక్తుడు చేయవలసినదెల్ల మరలివచ్చునపుడు దానిని చూపుట మాత్రమే. యూనిక్స్ యంత్రములపై పనిచేయు ప్రోగ్రామర్లు, ఒక ప్రోగ్రాము మరియొక ప్రోగ్రామునకిచ్చి యథాతథముగా తిరిగి పుచ్చుకొను ఇట్టి గురుతుబిళ్లను 'మ్యాజిక్ కుకీ' యని వ్యవహరించుచుండిరి. నేడు మనము ఏదేని వెబ్‌సైటు తెరచినంతనే, చదువదలచిన విషయమునకు అడ్డముగా నిలిచి సమ్మతి యడుగు ఆ కుకీకి పేరు సంక్రమించినది ఈ మాటనుండియే.

టిమ్ బెర్నర్స్-లీ జెనీవా సమీపమునగల సెర్న్ పరిశోధనాలయమున 1989లో ప్రతిపాదించిన వెబ్, శాస్త్రజ్ఞులు తమ పత్రములను పరస్పరము పంచుకొనుటకై ఉద్దేశింపబడినది కావున, దానికి జ్ఞాపకశక్తితో పనిలేకుండెను. ఒక పుట కావలెనని అడిగినంతనే సర్వరు దానిని పంపి, అడిగినవానిని ఆ క్షణముననే మరచిపోవును. రెండవ పుట అడుగువేళకు అతడు మరల క్రొత్తవాడే. గ్రంథాలయమునకు ఈ మరపు దోషము కాదు, గుణమే. ఎవరు ఏమి చదివిరో గుర్తుంచుకొనని గ్రంథపాలకునికంటె పాఠకునకు ఆప్తుడెవ్వడు? కాని అంగడికి ఈ మరపు పనికిరాదు. బుట్టలో ఒక సరకు వేసికొని ప్రక్క అరవద్దకు పోవునంతలో కొట్టువాడు "తమరెవరు?" అని అడిగిన బేరమెట్లు సాగును?

ఈ చిక్కు 1994లో, క్యాలిఫోర్నియాలో అప్పుడే ఆరంభమైన నెట్‌స్కేప్ సంస్థ ఎదుటికి వచ్చెను. ఎం.సి.ఐ. అను టెలిఫోను సంస్థ, కొనుగోలుదారుల బుట్టలలోని వివరములను తన సర్వర్లలో నిలువచేయక వారి కంప్యూటర్లలోనే ఉంచు ఉపాయము కావలెనని కోరినది. క్యాన్సస్ విశ్వవిద్యాలయమున చదువునపుడు లింక్స్ అను బ్రౌజరు నిర్మాణమున పాలుపంచుకొని, పిదప నెట్‌స్కేపున చేరిన లూ మాంటుల్లీ యను యువకునకు అప్పుడు యూనిక్స్‌వారి బిళ్ల స్ఫురించెను. ప్రతి బ్రౌజరునకును ఒక శాశ్వతసంఖ్యను తగిలించియున్నచో పని ఇంకను సులభముగా తీరియుండెడిది. కాని ఆ సంఖ్యను పట్టుకొని ఏ సైటైనను మనుష్యుని వెంబడింపగలదని గ్రహించి ఆతడు ఆ మార్గమును త్యజించెను. అందులకు మారుగా, ఒక సైటు ఇచ్చిన బిళ్లను బ్రౌజరు ఆ సైటునకు మాత్రమే తిరిగి చూపవలెననియు, ఒకరి బిళ్ల మరియొకరి కంటబడరాదనియు నియమమేర్పరచెను. 1994 అక్టోబరులో వెలువడిన నెట్‌స్కేప్ తొలి బ్రౌజరులోనే కుకీ చోటుచేసికొన్నది. సందర్శకులు క్రొత్తవారో పూర్వము వచ్చినవారో ఆ సంస్థ తన సైటులో తెలిసికొనుటయే దాని ప్రథమ వినియోగము. కుకీని దూషించు మనము ఈ జన్మవృత్తాంతమును మరువరాదు: గోప్యతకు శత్రువని పేరుపడిన ఈ వస్తువు గోప్యతను తలచియే రూపొందింపబడినది.

అయినను ఆ నియమములో ఒక కంత మిగిలిపోయెను. వెబ్ పుటలోని భాగములన్నియు ఒకేచోటినుండి రానక్కరలేదు. వార్త ఒక సర్వరునుండియు, ప్రక్కనున్న ప్రకటన బొమ్మ వేరొక సర్వరునుండియు రావచ్చును. బొమ్మను పంపిన సర్వరు సైతము తన బిళ్లను తానీయగలదు. ఒకే ప్రకటనసంస్థ వేయి సైట్లలో బొమ్మలు నిలిపెనేని, పాఠకుడు ఉదయము చదివిన వార్తయు, మధ్యాహ్నము వెదకిన మందు పేరును, రాత్రి చూచిన ఉద్యోగ ప్రకటనయు ఒకే బిళ్లక్రింద పోగుపడును. చెప్పుల కాపరి ఊరిలోని ప్రతి గుడిముందును, ప్రతి దుకాణముముందును, ప్రతి వైద్యశాలముందును తానే కూర్చుండి, ఒకే బిళ్లను అన్నిచోట్లను చూపించుకొనుచున్నట్లు! డబుల్‌క్లిక్ అను అమెరికా సంస్థ ఈ కంతను ఆధారముగా చేసికొని వర్ధిల్లెను. ఇంతయు జరుగుచుండగా, కుకీ యనునది యొకటి యున్నదని జనసామాన్యమునకు తెలియవచ్చినది 1996 ఫిబ్రవరి 12న లండను పత్రికయైన ఫైనాన్షియల్ టైమ్స్ వ్రాసిన పిదపనే.

నిపుణులకు మాత్రము ఆ కంత తెలియకపోలేదు. అంతర్జాల ప్రమాణములను నిర్ణయించు ఐ.ఈ.టి.ఎఫ్. పక్షమున, బెల్ ల్యాబ్స్‌కు చెందిన డేవిడ్ క్రిస్టల్, మాంటుల్లీ కలసి కూర్చిన 2109వ సంఖ్యగల పత్రము 1997 ఫిబ్రవరిలో వెలువడెను. పాఠకుడు తానై కోరనంతవరకు ఇట్టి మూడవవాని బిళ్లలను బ్రౌజరు అనుమతింపరాదని అందు విస్పష్టముగా వ్రాయబడినది. ప్రకటన వ్యాపారులు తీవ్రముగా అభ్యంతరము చెప్పిరి. నెట్‌స్కేప్ గాని, మైక్రోసాఫ్ట్ గాని ఆ నియమమును పాటింపలేదు. ఈ త్రోవ మూసినచో వ్యాపారులు కంటికగపడని వేరొక త్రోవను వెదకుకొందురనియు, కుకీయైనచో పాఠకుడు చూచి తుడిచివేయగలడనియు మాంటుల్లీ అనంతరకాలమున సమాధానము చెప్పెను. బ్రౌజరు లక్షణములనుబట్టి మనుష్యుని ఆనవాలు పట్టు విద్యలు పిమ్మట బయలుదేరినమాట వాస్తవమే. అయినను, దొంగ గోడకు కన్నము వేయునేమోయని తలుపు తెరచి నిద్రించుటను నేను వివేకమనజాలను.

తెరచిన తలుపున ఏమి జరిగెనో 1999లోనే తేటపడెను. తపాలా క్యాటలాగులద్వారా వస్తువులు కొనువారి పేర్లు, చిరునామాలు, కొనుగోళ్లు సేకరించియుంచిన అబాకస్ డైరెక్ట్ అను సంస్థను డబుల్‌క్లిక్ సుమారు 170 కోట్ల డాలర్ల విలువకు కొనెను. అంతవరకు పేరులేని బిళ్లకు ఇక పేరును, ఇంటి చిరునామాయు తోడగును. పౌరహక్కులవారు ప్రభుత్వమునకు ఫిర్యాదు చేయగా, ప్రజాగ్రహము పెల్లుబుకగా, డబుల్‌క్లిక్ బిళ్లకు పేరు తగిలించు యత్నమునుండి 2000 మార్చిలో వెనుకకు తగ్గెను. ప్రజలు గెలిచిరనియే ఆనాడు అందరును తలచిరి. కాని పిదప గూగుల్ 310 కోట్ల డాలర్లకు డబుల్‌క్లిక్‌ను కొని 2008లో స్వాధీనపరచుకొనెను. డబుల్‌క్లిక్ కుకీల సమాచారమును, స్పష్టమైన సమ్మతి లేనిదే, వ్యక్తుల గుర్తింపుతో కలుపబోమని తన గోప్యతావిధానమున వ్రాసికొన్న వాక్యమును 2016లో తొలగించెను. 2000లో పెల్లుబికిన ఆగ్రహములో శతాంశమైనను అప్పుడు కానరాలేదు. ఈ కథలో నన్ను మిక్కిలి బాధించునది ఆ వాక్యలోపమే.

ఐరోపావారు శాసనమార్గమున పోయిరి. కుకీలకు ముందుగా సమ్మతి కావలెనని 2009లో సవరించిన నిర్దేశమువలననే సమ్మతిపలకలు లోకమంతటను వెలసినవి. ముందుగానే టిక్కుపెట్టిన గడి సమ్మతి కానేరదని ఐరోపా న్యాయస్థానము 2019 అక్టోబరు 1న తీర్పు చెప్పెను. అంగీకారమునకు ఒక్క నొక్కు, నిరాకరణకు పలు నొక్కులు పెట్టినందులకు ఫ్రాన్సు అధికారసంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానాగా ప్రకటించెను.

మన దేశమున గోప్యత ప్రాథమికహక్కేయని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా నిర్ణయించెను. అందు కృష్ణాజిల్లావాసియైన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ప్రత్యేకముగా తమ అభిప్రాయమును వ్రాసిరి. దాని వెనుక వచ్చిన 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, సమ్మతి యడుగు ప్రకటనను ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనను చదువుకొను వీలు కల్పింపవలెనని విధించుచున్నది. తెలుగు ఆ షెడ్యూలులోని భాషయే. కావున ఆ నిబంధన అమలులోనికి వచ్చినంతనే, సమ్మతిని తెలుగున అడుగుమనుట మన హక్కగును. ఆ హక్కును తెలుగువారు వదులుకొనరాదు.

ఆపిల్ తన సఫారీ బ్రౌజరున మూడవవాని కుకీలను 2020 మార్చిలో పూర్తిగా నిరోధించెను. తన క్రోమ్ బ్రౌజరులో వానిని రెండేండ్లలో తొలగింతుమని అదే సంవత్సరము జనవరిలో గూగుల్ ప్రకటించి, పలుమార్లు గడువు పొడిగించి, 2024 జూలైలో ఆ సంకల్పమును విడిచి, అందులకై ప్రత్యేకముగా పాఠకుని అడుగు పలకయు పెట్టబోమని 2025 ఏప్రిల్‌లో తెలిపెను. క్రోమ్ సెట్టింగులలో వానిని నిరోధించు మీట ఉన్నది. దానిని మీరే వెదకి నొక్కవలెను. నొక్కనివారి బ్రౌజరులో, 1997 నాటి 2109వ పత్రము వలదన్న ఆ కంత నేటికిని తెరచియే యున్నది.