రిపోర్టులో టి4 ఉంటే నాలుగో స్టేజి అనేనా? రొమ్ము క్యాన్సర్ చర్మానికి పాకినప్పుడు దశ ఎలా తేలుస్తారు

బయాప్సీ, స్కానింగులు అయ్యాక ఫైలులో ‘టి4’ అని కనబడగానే చాలా ఇళ్లలో ఏడుపులు మొదలవుతాయి. నాలుగో స్టేజి, ఇక చేసేదేం లేదు అనుకుంటారు. కానీ ఈ రెండూ ఒకటి కావు. టి అనేది రొమ్ములోని గడ్డ గురించి మాత్రమే చెబుతుంది. ఎన్ అంటే చంకలో, మెడ ఎముక దగ్గర ఉండే లింఫు గ్రంథుల సంగతి. ఎం అంటే ఎముకలు, కాలేయం, ఊపిరితిత్తుల వంటి దూరపు భాగాలకు పాకిందా లేదా అన్నది. మూడూ కలిపి చూశాకే స్టేజి తేలుతుంది.

మామూలుగా టి అంకె సైజును బట్టి ఇస్తారు. గడ్డ 2 సెంటీమీటర్ల వరకు ఉంటే టి1, 5 వరకు టి2, ఆపైన టి3. చర్మం దాకా వస్తే ఈ కొలత పక్కకు పోతుంది. గడ్డ చిన్నదైనా సరే, దానివల్ల చర్మం పుండు పడినా, అదే రొమ్ము చర్మం మీద విడిగా చిన్న గడ్డలు లేచినా, చర్మం వాచి నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా మారినా అది టి4బి. ఛాతీ గోడకు పాకితే టి4ఎ, రెండూ ఉంటే టి4సి.

చర్మం సొట్ట పడటం, చనుమొన లోపలికి లాక్కుపోవడం మాత్రమే ఉంటే టి4 కింద లెక్కించరు, సైజే చూస్తారు. అలాగని సొట్టను వదిలేయకూడదు, పరీక్ష చేయించాల్సిందే. మైక్రోస్కోపులో చర్మపు పొరలో క్యాన్సర్ కణాలు కనిపించినా, పైకి పుండు గానీ గడ్డలు గానీ వాపు గానీ లేకపోతే అదొక్కటే టి4 కిందికి రాదు.

ఎక్కువగా మోసం చేసేది టి4డి, అంటే వాపుతో వచ్చే ఇన్‌ఫ్లమేటరీ రకం. ఇందులో చేతికి గడ్డ తగలకపోవచ్చు. కొన్ని వారాల్లోనే రొమ్ము ఎర్రబడి, వేడెక్కి, బరువెక్కుతుంది. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఆ ఎరుపు సరిగా కనబడక కమిలినట్టు ఉంటుంది. ఈ మార్పు రొమ్ము చర్మంలో కనీసం మూడో వంతు ఉండాలి, మొదలై 6 నెలలు దాటకూడదు, బయాప్సీలో క్యాన్సర్ తేలాలి. పాలిచ్చే తల్లుల్లో దీన్ని ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్స్ ఇస్తారు. వారం, పది రోజుల్లో తగ్గకపోతే కోర్సు మీద కోర్సు వాడుతూ కూర్చోకుండా బయాప్సీ గురించి అడగాలి. మగ డాక్టరుకు చూపించడం ఇబ్బందైతే లేడీ డాక్టర్ కావాలని అడగొచ్చు, అంతేగానీ ఆలస్యం చేయొద్దు.

టి4 ఉండి దూరానికి పాకకపోతే సాధారణంగా 3బి, గ్రంథుల్లో బాగా ఎక్కువగా ఉంటే 3సి. ఎముకలకో కాలేయానికో పాకితేనే నాలుగు. అయితే అవతలి రొమ్ము చర్మానికి పాకినా దాన్ని దూరపు వ్యాప్తిగానే లెక్కిస్తారు. 2018 నుంచి అమల్లో ఉన్న ఎనిమిదో ఎడిషన్ లెక్కలో గ్రేడు, ఈఆర్, పీఆర్, హెర్2 ఫలితాలనూ కలుపుతారు. అందుకే టి4 ఉన్న ఇద్దరికీ ఒకే స్టేజి రాకపోవచ్చు.

మూడో స్టేజిలో వైద్యం నయం చేయాలనే ఉద్దేశంతోనే సాగుతుంది. సాధారణంగా ముందు కీమో, తర్వాత ఆపరేషన్, ఆపై రేడియేషన్. కీమోతో చర్మం మామూలుగా కనబడినా మొదట రాసిన క్లినికల్ స్టేజి మారదు. కాబట్టి వైద్యం మొదలయ్యే ముందే చర్మం ఎలా ఉందో ఫైలులో వివరంగా రాయించుకోవాలి. వీలైతే ఆ భాగం వరకే ఫొటో తీయించి అందులో పెట్టించాలి.