కోకోగింజ: లాభపు మూలము

మన పలనాట కోకోచెట్టు లేదు. మన నేలకు మిరప, ప్రత్తి తగినవి. దానికి నీడయు తేమయు కావలెను. అయినను, పంటను సరకుగా మార్చు చిన్న వ్యాపారికి లాభ మెచ్చట పుట్టునో ఆ గింజ చరిత్రము చక్కగా తెలుపును గనుక దానిని చెప్పఁబూనితిని.

మెక్సికో దేశపు పూర్వులు కోకోగింజలను వేయించి, మన సన్నికల్లువంటి ఱాతిపై నూఱి, పానీయముగా త్రాగెడివారు. అజ్‌టెకులు వానినే నాణెములుగా చెల్లించిరి. 1795లో ఫ్రై అను ఆంగ్లేయుఁడు నూఱుటకు ఆవిరియంత్రమును నియోగించెను. పొట్టుతీసిన పప్పులో ఇంచుమించు సగము కొవ్వే. 1828లో హాలండు దేశపు వాన్ హూటెన్ కుటుంబము ఆ కొవ్వును పిండి తీయు యంత్రమునకు హక్కు పొందెను. మిగిలిన పొడి పానీయమునకు, తీసిన వెన్న 1847 మొదలు తిను చాక్లెట్టునకు పనికివచ్చెను. గింజ యొకటి, సరకులు రెండు.

యంత్రము లెన్ని వచ్చినను రుచి తోఁటయొద్దనే నిర్ణయమగును. పచ్చిగింజలను గుజ్జుతోడనే కొయ్యపెట్టెలలో పోసి, నడుమ తిరుగవేయుచు, ఐదాఱు దినములు పులియఁబెట్టవలెను. వేఁడి 45 డిగ్రీలకు చేరి మొలక చచ్చును, చేఁదు తగ్గును. పిమ్మట తేమ నూటికి 7 పాళ్ళగువఱకు ఎండవలెను. నూఱు గింజలను నిలువునఁ గోసి చూడుఁడు: గోధుమరంగైన మేలు, ఊదారంగైన పులుపు చాలలేదు, పలకరంగైన పులియనే లేదు. ఇందులకు కత్తియు కన్నును చాలును.

నూఱు కిలోల పచ్చిగింజ యెండి సుమారు 35 నుండి 40 కిలోలగును. అందు బూజుగింజ కలసినచో, వేయించు ఖర్చును, మిల్లుకూలియు, పనివాని దినమును తగ్గవు. సరకు వెల మాత్రము తగ్గును.

మనదేశమున 1960ల దశకమున కాడ్బరీ సంస్థ కేరళలో కోకోసాగును ప్రోత్సహించెను. పిమ్మట గోదావరి ప్రాంతపు కొబ్బరితోఁటలలో అంతరపంటయై వ్యాపించి, నేఁడు ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశమును అగ్రస్థానమున నిలిపినది. ఏలూరు జిల్లా తడికలపూడిలో గింజలను పులియఁబెట్టుటకే యొక శాల వెలసినది.

2024 డిసెంబరులో ప్రపంచవిపణిలో టన్నుధర 12,000 డాలర్లు దాటెను. మఱుసటి సంవత్సరాంతమునకు సుమారు సగమునకు దిగెను. ధర హెచ్చినపుడు నాసిసరకునకును గిరాకి యుండును. తగ్గినపుడు కొనువాఁడు గింజను కోసి చూచును. అపుడు నిలుచువాఁడు గుణము కాపాడుకొన్నవాఁడే.

మన మిరపకల్లమునకును న్యాయ మిదియే. తేమతోఁ గట్టిన బస్తా బూజుపట్టును. కారపుమిల్లు దానిని బాగుచేయలేదు. కావున యంత్రమునకై అప్పు చేయఁబోవు మీ పిల్లలకు, మొదట శుభ్రమైన కల్లమును, సరియైన తూనికను, దినదినపు లెక్కలపుస్తకమును సమకూర్చుకొమ్మని చెప్పుఁడు.