విత్తుకు పూసిన పూత

పంట పండించుట యెంత కష్టమో, పండిన గింజను మరల విత్తువేళ వఱకు కాపాడుకొనుటయు నంత కష్టమే. ఈ రెండవ భారమును మన పల్లెలలో ఇంటి స్త్రీలే యెక్కువగా మోసిరి. పెసలు, కందులు, మినుములు బాగుగ నెండబెట్టి, చల్లార్చి, చేతికి ఆముదము రాచుకొని గింజలన్నిటికి నంటునట్లు కలియబెట్టెడివారు. కుండలో నడుమనడుమ వేపాకో వావిలాకో వేసి, మూతికి మట్టి మెత్తి దాచెడివారు. కొన్ని తావుల కందులకు ఎఱ్ఱమట్టి పట్టించుట వాడుక.

గింజకు పూత పూయుట మన దేశమున మిక్కిలి ప్రాచీనము. చెఱకు ముచ్చెల కోసిన కొనలకు తేనె, నేయి, పందిక్రొవ్వు, పేడ పూయవలెననియు, దుంపలకు తేనెయు నేయియు రాయవలెననియు, గట్టి గింజలకు పేడ పట్టింపవలెననియు కౌటిల్యుని అర్థశాస్త్రమున కలదు. క్రీ.శ. 6వ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితయందు, విత్తులను పాలలో నానవేసి, నేయి రాచిన చేతితో దీసి, పేడలో పొరలించు విధమును వ్రాసెను.

ఆ అర్థశాస్త్రమే శతాబ్దముల తరబడి లోకమునకు కానరాకుండెను. తంజావూరు ప్రాంతపు పండితు డొకడు తన యొద్ద నున్న వ్రాతప్రతిని మైసూరు ప్రాచ్య గ్రంథాలయమున కొసగెను. అచ్చటి గ్రంథపాలకుడైన ఆర్. శామశాస్త్రి దాని విలువ నెఱిగి 1909లో అచ్చువేయించెను. ఒక గ్రంథాలయపు బీరువా లేకున్న ఆ విద్య మన కంద కుండెడిది.

ఇక మన యింటి ఆముదపు పూత యేల పనిచేయును? పప్పుగింజలను తొలుచు పురుగు గింజ తోలుమీదనే గ్రుడ్లను అంటించును. కొన్ని దినములకు పిల్ల బయలువెడలి నేరుగా గింజలోనికి తొలుచుకొని పోవును. గింజచుట్టు నూనెపొర యున్నచో గ్రుడ్డునకు గాలి యాడక పిల్ల లోపలనే నశించును. కిలో గింజలకు 5 మిల్లీలీటర్ల నూనె, అనగా ఒక చిన్న చెంచాడు, చాలునని పరిశోధకులు కనుగొనిరి. పురుగు లోపల చేరిన పిదప పూసిన ఫలము తక్కువ; కావుననే పెద్దలు గింజ యెండిన వెంటనే పూసిరి.

వేప కథయు నిట్టిదే. 1942లో సలీముజ్జమాన్ సిద్దీఖీ వేపనూనెనుండి నింబిన్ మొదలగు చేదు పదార్థములను వేరుచేసెను. వేపగింజల పొడి కలిపిన నీరు చల్లిన పైరును మిడుతలు ముట్టవని 1962లో ఢిల్లీ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఇంగ్లండున 1968లో వేపగింజలనుండి అజాడిరక్టిన్ అను పదార్థము వేరుచేయబడెను.

పిమ్మట నొక చిక్కు వచ్చెను. వేపనూనెతో మొక్కల బూజుతెగుళ్ళను అరికట్టు పద్ధతికి 1994లో ఐరోపా పేటెంటు కార్యాలయము ఒక అమెరికా కంపెనీకిని, ఆ దేశపు వ్యవసాయశాఖకును హక్కు నొసగెను. వందనా శివ మున్నగువారు ఎదిరించిరి. ఈ పని భారతదేశమున మునుపే జరిగినదని సాక్ష్యము చూపగా 2000లో ఆ హక్కు రద్దయ్యెను. అప్పీలును 2005లో త్రోసివేయబడెను. ‘మా అమ్మమ్మ యెఱుగును’ అను మాట అట్టి సభలలో చాలదు. ఎచట, ఎప్పుడు, ఎట్లు చేసిరో చూపవలెను.

నేడు అంగడిలో రంగుపూతతో వచ్చు విత్తనములు పెక్కు విషపుమందు పట్టించినవి, వానిని తినరాదు. ఆముదము రాచిన పెసలో, కొంత విత్తుటకును, కొంత కడిగి వండుటకును పనికివచ్చెడివి. ఒక్క పూత పొలమును, వంటయింటిని కూడ కాచెను. ఆ చేతులు మన కన్నులయెదుటనే అరుదగుచున్నవి.

కావున చదువరులకు నా విన్నపము. మన గ్రంథాలయమున నొక తెల్లకాగితముల పుస్తక ముంచుదము. ఏ గింజకు ఏ నూనె, ఎంత, ఏ మాసమున, ఎన్నినాళ్ళు నిలిచెను, ఎప్పుడు చెడెను అని యింటి పెద్దముత్తైదువల నడిగి వ్రాయుదము. మైసూరు బీరువా కౌటిల్యుని కాచినట్లు, మన బీరువా మన తల్లుల విద్యను కాచుగాక.